పరుగు నేర్చిన కుక్క పడక పక్కన కూర్చోగలదా?

ఇంగ్లండు, స్కాట్లండు దేశాల సరిహద్దున నార్తంబర్లాండ్ అనే కొండసీమ ఉన్నది. గాలి, వాన, గడ్డి, గొర్రెలు - ఇవే ఆ సీమ సంపద. 1893లో అక్కడ ఆడమ్ టెల్ఫర్ అనే గొర్రెల పెంపకందారు ఇంట ఒక కుక్కపిల్ల పుట్టింది. దాని తండ్రి రాయ్ నెమ్మది గలది, అందరితో కలుపుగోలుగా ఉండేది. తల్లి మెగ్‌కు బిడియం ఎక్కువ. కాని గొర్రె కంటబడితే చాలు, రెప్పవాల్చక చూస్తూ నిలిచిపోయేది. ఈ రెండింటి గుణాలూ పుణికిపుచ్చుకున్న ఆ పిల్లకు హెంప్ అని పేరు పెట్టారు. రొద చేయకుండా, చూపుతోనే మందను నడిపించే దాని నేర్పు చూసి చుట్టుపక్కల కాపరులు దాని సంతతి కోసం బారులు తీరారు. నేడు లోకమంతటా బోర్డర్ కోలీ అని పిలుస్తున్న జాతికి ఆ హెంపే మూలపురుషుడు.

ఆ వంశం ఇప్పుడు కొండలు దిగి ఊళ్లలోకి వచ్చింది. కోలీలు, ఆస్ట్రేలియన్ షెపర్డులు, షెల్టీలు, కోర్గీలు - ఒకప్పుడు మందలు తోలినవన్నీ నేడు ఆసుపత్రులలో, వృద్ధాశ్రమాలలో, ప్రత్యేక పాఠశాలలలో రోగులకు ఊరట కలిగించే పనికి పోతున్నాయి. మన నగరాలలోని ఫ్లాట్లలోనూ కోలీలు కనిపిస్తున్నాయి. పిల్లలు విదేశాలకు వెళ్లిపోగా ఒంటరియైన తల్లికో, నలుగురిలో నోరు విప్పని పసివానికో తోడుగా ఉంటుందని వాటిని కొని తెచ్చేవారు ఉన్నారు. “అన్ని కుక్కలలోకి తెలివైనదట!” అన్న మాటే అందుకు ప్రమాణం.

తెలివి మాట నిజమే. అమెరికాలోని దక్షిణ కరోలినా రాష్ట్రంలో జాన్ పిల్లీ అనే మనస్తత్వ శాస్త్రాచార్యుడు చేజర్ అనే కోలీకి 1,022 ఆటవస్తువుల పేర్లు నేర్పారు. 2011లో ఆ వివరాలు శాస్త్ర పత్రికలో వెలువడి పండితులను అబ్బురపరిచాయి. అయితే తెలివి వేరు, ఓదార్పు వేరు. క్షణం ఊరకుండలేని ప్రాణి, కదలలేని మనిషికి తోడు కాగలదా? ఈ ప్రశ్నకు తొందరపడి అవునన్నా, కాదన్నా నష్టపోయేది ఒక రోగీ, ఒక మూగజీవీ.

రోగికి జంతువు తోడు మేలు చేస్తుందన్న ఊహ కొత్తది కాదు. దీర్ఘకాలం మంచం పట్టినవారికి చిన్న పెంపుడు ప్రాణి చక్కని తోడని ఫ్లారెన్స్ నైటింగేల్ పందొమ్మిదవ శతాబ్దిలోనే, నర్సుల వృత్తిని గురించిన తన గ్రంథంలో రాసింది. శాస్త్రజ్ఞులు దానిని పట్టించుకోవడానికి వందేళ్లు పట్టింది. న్యూయార్కులో బోరిస్ లెవిన్సన్ అనే వైద్య మనస్తత్వవేత్త వద్దకు ఒకనాడు ఎవరితోనూ కలవని బాలుని తీసుకొని తల్లి వచ్చింది. వారు నిర్ణీత సమయానికి ముందే వచ్చినందున ఆయన కుక్క జింగిల్స్ ఇంకా గదిలోనే ఉన్నది. అది ఎదురేగి బాలుని పలకరించింది. బాలుడు దానిని నిమరసాగాడు. వైద్యుడు చేయలేని పరిచయం కుక్క చేసింది. 1961లో లెవిన్సన్ ఈ అనుభవాలను అమెరికా మనస్తత్వవేత్తల సభలో వినిపించగా కొందరు ఎగతాళి చేశారు. 1962లో ఆయన కుక్కను సహవైద్యునిగా పేర్కొంటూ వ్యాసం ప్రకటించాడు. 1976లో ఎలేన్ స్మిత్ అనే అమెరికన్ నర్సు ఆసుపత్రులను దర్శించే కుక్కలకై ఒక సంస్థను స్థాపించింది. దాని తొలి బృందంలోని ఆరు కుక్కలలో ఐదు జర్మన్ షెపర్డులు, ఒకటి కోలీ. అంటే ఆరూ మందలు కాచిన జాతులవే! కనుక మందకుక్క ఈ పనికి బొత్తిగా తగదని చెప్పడానికి చరిత్ర ఒప్పుకోదు.

మరి చిక్కు ఎక్కడున్నది? పని స్వభావంలో ఉన్నది. వార్డులోకి వెళ్లిన కుక్క చేయవలసిన పని, పైకి చూస్తే, ఏమీ చేయకపోవడమే. ముక్కూ మొగమూ తెలియనివారు వణికే చేతులతో తడుముతారు. ఒకరు చెవి పట్టి లాగుతారు, ఒకరు మెడ చుట్టూ చేతులు వేసి ఏడుస్తారు. పళ్లెం నేల పడి గణగణమంటుంది. చక్రాల కుర్చీ పక్కనుంచే దొర్లుకుంటూ పోతుంది. ఇన్నింటి మధ్యా ఆ కుక్క తల రోగి ఒడిలోనే ఉండాలి.

మందకుక్కను వందల ఏళ్లుగా మనిషి తీర్చిదిద్దినది ఇందుకు సరిగ్గా విరుద్ధమైన పనికి. తోడేలు వేటలో వరుసగా కొన్ని మెట్లుంటాయి: ఎరను గుర్తించడం, చూపు నిలపడం, పొంచి నడవడం, తరమడం, కరవడం, చంపడం. కోలీలో చూపు నిలిపే, పొంచే, తరిమే మెట్లను ఎంపికతో పెంచి, కరిచే, చంపే మెట్లను అణచివేశారు. కోర్గీ, ఆస్ట్రేలియన్ క్యాటిల్ డాగ్ వంటి పశువులను తోలే జాతులలో మడమను సుతారంగా కొరికే అలవాటును కావాలనే నిలిపారు. ఈ కుక్కల లోకంలో కదిలేదే ముఖ్యం. దొర్లే చక్రం, వరండాలో పరుగెత్తే పసివాడు, ఈడ్చుకుంటూ పోయే చెప్పు - ఇవన్నీ దానికి మంద తప్పిన గొర్రెలే. తోలబోయిన కోలీలో కోపమూ లేదు, చెడు తలంపూ లేదు. కాని ఎముకలు పెళుసుబారిన ముసలమ్మ కాలికి అది అడ్డం పడితే ఫలితం మాత్రం ఒకటే. రెప్పవాల్చని ఆ చూపు గొర్రెనే కాదు, పిరికి మనసుగల రోగినీ కలవరపెట్టవచ్చు.

ఇంతవరకు చదివినవారు “అయితే మందకుక్క పనికిరాదన్నమాట” అనుకోవచ్చు. ఆగండి. కొండమీద పనిచేసే కోలీని ఒకసారి గమనించాలి. అది రోజంతా పరుగెత్తదు. కాపరి దానికి ముందుగా నేర్పే పాఠాలలో ఒకటి “పడుకో” అన్నది. మందను చుట్టుముట్టే ఉద్రేకంలో ఉన్నా, ఆ మాట చెవిన పడగానే అది గడ్డిలో ఒదిగిపోవాలి. కుడికీ ఎడమకూ తిప్పే సంకేతాల తర్వాత పని ముగిసినప్పుడు కాపరి చెప్పేది “ఇక చాలు” అని. ఆ మాటతో కోలీ గొర్రెలను విడిచి, వెనుదిరిగి, యజమాని కాలి పక్కకు వస్తుంది. ఎంత చురుకైన కుక్కయినా ఆ మాటకు ఆగకపోతే కాపరి దృష్టిలో అది పనికిమాలినదే. మందకుక్క విద్యలో సగం పరుగు, సగం నిలుపు.

మనం నగరాలలో చూసే అశాంతి చాలావరకు జాతిది కాదు, నిరుద్యోగానిది. పని లేని కోలీకి “ఇక చాలు” అని చెప్పేవారు ఉండరు. ఎందుకంటే మొదలైన పనే లేదు. అందుచేత అది బాల్కనీలో నీడలను తరుముతుంది, వీధిలో స్కూటర్ల వెంట పడుతుంది, తన తోకను తానే వెంటాడుతుంది.

మనవారు ఆల్సేషన్ అని పిలుచుకునే జర్మన్ షెపర్డు కథ కూడా ఇదే చెబుతుంది. 1899లో స్టెఫానిట్జ్ అనే జర్మన్ సైనికాధికారి గొర్రెల కాపరుల కుక్కలనుంచే ఆ జాతిని స్థిరపరిచాడు. మొదటి ప్రపంచయుద్ధంలో చూపు కోల్పోయిన సైనికులకు దారి చూపడానికి జర్మనీలో దానిని వినియోగించారు. 1928లో మోరిస్ ఫ్రాంక్ అనే అంధ అమెరికన్ యువకుడు స్విట్జర్లాండు వెళ్లి, బడ్డీ అనే షెపర్డుతో తిరిగి వచ్చి, న్యూయార్కు రద్దీ వీధిని దాని తోడుతో దాటి చూపించాడు. మరుసటి ఏడే ‘సీయింగ్ ఐ’ సంస్థ వెలసింది. అక్కడ పనికివచ్చింది ఏ గుణం? కదిలేదానిని కనిపెట్టే చూపే, యజమాని మాటకై చెవులు రిక్కించే ఏకాగ్రతే. అయితే ఒకే మనిషిని అంటిపెట్టుకొని నడిపించడం వేరు, రోజుకు ఇరవైమంది అపరిచితుల స్పర్శను ఓర్చుకోవడం వేరు. కుక్కను అడిగే ముందు ఏ పని అడుగుతున్నామో మనకు తెలిసి ఉండాలి.

జాతి పేరే సర్వస్వం కాదని శాస్త్రమూ చెబుతున్నది. 2022లో ‘సైన్స్’ పత్రికలో వెలువడిన ఒక పరిశోధనలో 18,385 కుక్కల యజమానులను ప్రశ్నించి, వాటిలో 2,155 కుక్కల జన్యువులను పరిశీలించారు. కుక్కకూ కుక్కకూ స్వభావంలో కనిపించే తేడాలలో జాతి కారణంగా వచ్చేది సుమారు 9 శాతమే అని తేలింది. చెప్పినమాట వినడం వంటి కొన్ని గుణాలలో జాతి ప్రభావం కొంత హెచ్చు. అయినా ఒక కుక్కను చూసి, దాని జాతినిబట్టి మాత్రమే దాని మనసు చెప్పడం సాధ్యం కాదు. ఒకే ఈతలో పుట్టిన రెండు కోలీలలో ఒకటి మేఘగర్జనకు మంచం కిందికి దూరవచ్చు. రెండవది వార్డులోని గందరగోళంలోనూ గుర్రుపెట్టి నిద్రపోవచ్చు. హెంప్ తల్లిదండ్రులే ఇందుకు సాక్ష్యం.

అంతేకాదు, రోగులందరికీ కావలసినది నిశ్చలత ఒకటే కాదు. దిగులు కమ్మి నెలల తరబడి గది దాటని మనిషికి, పొద్దున్నే తలుపు గీరి బయటికి లాగే కుక్కే మందు. ఒకచోట కుదురుగా కూర్చోలేని పిల్లవానికి, బంతి విసిరి “పడుకో”, “తీసుకురా” అని ఆజ్ఞలివ్వడంలో తన చంచలత్వానికి ఒక క్రమం దొరుకుతుంది. మాటకు విలువ ఉన్నదని వానికి తెలిసేది తన మాట విని ఒక ప్రాణి ఆగినప్పుడే. ఇటువంటి చోట బద్ధకస్తురాలైన కుక్క కంటె కోలీయే మెరుగు. కాని అందుకు ఇంట్లో ఒకరికి దానితో పరుగెత్తే ఓపిక ఉండాలి. మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగలేని తల్లికి అటువంటి కుక్కను కానుకగా ఇవ్వడం, ఆమెకొక తోడును ఇచ్చినట్లు కాదు. ఆమె తీర్చలేని అప్పును నెత్తిన పెట్టినట్లు.

ఇక కుక్క పక్షాన ఒక మాట. దక్షిణాఫ్రికాలో ఓడెన్‌డాల్, మైంట్జెస్ అనే పరిశోధకులు 2003లో ప్రకటించిన అధ్యయనంలో, కుక్కను నెమ్మదిగా నిమిరినప్పుడు మనిషికీ కుక్కకూ ఇద్దరికీ రక్తపోటు తగ్గి, అనురాగాన్ని పెంచే ఆక్సిటోసిన్ అనే హార్మోను పెరిగింది. కాని ఒత్తిడికి సూచకమైన కార్టిజోల్ మాత్రం మనుషులలోనే తగ్గింది. మనకు దొరికిన ఊరట అంతా దానికీ దొరికిందని అనుకోరాదు. అందుకే అమెరికాలోని ‘పెట్ పార్ట్‌నర్స్’ వంటి సంస్థలు ఏడాది నిండని కుక్కను తీసుకోవు. రోజుకు రెండు గంటలకు మించి పని చేయనివ్వవు. పదే పదే ఆవులించడం, పెదవులు నాకుకోవడం, మొగం పక్కకు తిప్పుకోవడం, వేడి లేకపోయినా రొప్పడం - ఇవి “నాకు చాలు” అని కుక్క చెప్పే మాటలు. చెప్పినమాట వినడమే ధర్మంగా పెరిగిన మందకుక్క, కష్టమైనా కదలక కూర్చుంటుంది. దాని విధేయతను సమ్మతిగా భ్రమపడడం మనం చేసే పెద్ద పొరపాటు.

మన దేశంలో ఇంకొక సంగతి కూడా తలచుకోవాలి. దక్కను పీఠభూమిలో గొర్రెల కాపరుల వెంట నడిచే కుక్కలు మందను తోలేవి కావు, తోడేళ్లనుంచి కాచేవి. తోలే పని మన కాపరి కర్రదీ, అతని కేకదీ. కోలీ మన ఎండకు పుట్టినది కాదు. దాని రెండు పొరల బొచ్చు చలికొండలకై ఏర్పడినది. వైశాఖమాసపు మధ్యాహ్నం దానిని పరుగెత్తించడం ప్రాణాపాయం, పరుగెత్తించకపోవడం మనోవ్యాధి. తోడు కావలసినవారు జాతి కుక్కనే వెతకనక్కరలేదు. ఆసుపత్రులను, పాఠశాలలను దర్శించే ‘డాక్టర్ డాగ్’ అనే కార్యక్రమాన్ని చెన్నైలోని బ్లూ క్రాస్ సంస్థ నడిపింది. మన ఊరి కుక్కలలోనూ నెమ్మది గలవి ఎన్నో ఉన్నాయి. వాటికి రేబీస్ టీకాలు సకాలంలో వేయించి, కొంత శిక్షణ ఇస్తే చాలు.

ఇప్పటికే ఇంట్లో కోలీయో షెపర్డో ఉండి, దానిని ఈ సేవకు పంపాలనుకునేవారు ఒక పరీక్ష చేసి చూడవచ్చు. దానితో తనివితీరా ఆడండి. ఆట మధ్యలో ఆపి, కుర్చీలో కూర్చొని, దానిని పట్టించుకోకండి. కొద్దిసేపటికి అది నిట్టూర్చి, మీ కాళ్ల దగ్గర ఒరిగి కన్ను మూసిందా? ఆశ ఉన్నది. గుమ్మంలో నడిచే ప్రతి పాదాన్నీ చూపుతో వెంబడిస్తూనే ఉన్నదా? ఇంకా సమయం రాలేదు. బహుశా ఎన్నటికీ రాకపోవచ్చు. అందులో దాని తప్పేమీ లేదు. రెండేళ్ల వయసున కుదరనిది ఏడేళ్లకు కుదరవచ్చు. పరుగు తీరిన ముసలి మందకుక్క ఆసుపత్రి మంచం పక్కన ఎంతో హాయిగా ఒదిగిపోవచ్చు.

కొండమీది కాపరికి తెలిసిన రహస్యం ఒకటే: కుక్కను పరుగెత్తించడం ఎవరికైనా చేతనవుతుంది; అది అలసిందని ముందుగా గుర్తించి, “ఇక చాలు” అని పిలవగలిగినవాడే దానికి నిజమైన యజమాని. రోగి పడక పక్కనైనా సరే, ఆ మాట అనవలసినది మనమే.