ఖాళీగా కనిపించిన కమరా

మొన్న కర్నూలు నుంచి మా చిచ్చా కొడుకు ఫోన్ చేశాడు. "భాయీజాన్, ఖాందాన్ కాగితాలన్నీ పోయాయి" అన్నాడు. గొంతు వణుకుతోంది. పొద్దున్నే కడపలో బస్సెక్కాను.

పాత నికానామాలు, ఇంటి దస్తావేజులు, దాదాజాన్ ఉర్దూలో రాసిన ఉత్తరాలు స్కాన్ చేసి ఇంట్లోని లైనక్స్ సర్వర్లో పెట్టుకున్నారు. డిస్క్ నిండడానికొస్తే మావాడు కొత్తది కొని, షేర్ చేసిన ఫోల్డర్ లోపలే 'కాగజాత్' అనే ఫోల్డర్ మీద మౌంట్ చేశాడు. సర్వర్లో అన్నీ ఉన్నాయి. సాంబా ద్వారా చూసే మా భాభీ విండోస్ ల్యాప్‌టాప్‌లోనూ ఉన్నాయి. ఎన్ఎఫ్ఎస్ ద్వారా చూసే తన కంప్యూటర్లో మాత్రం ఫోల్డర్ ఖాళీ.

ఏదీ పోలేదు. సాంబా సర్వర్ మీద దారి ఎటు పోతే అటు నడుస్తుంది. ఎన్ఎఫ్ఎస్ మాత్రం ఒక్కో ఫైల్ సిస్టమ్‌కీ ఇజాజత్ వేరుగా అడుగుతుంది. వాకిలి తాళంచెవి ఇస్తే బీరువా తాళంచెవి ఇచ్చినట్టు కాదు కదా! దీనికి వజహ్ ఉంది. ఫైళ్ల ఐనోడ్ నంబర్లు ఒక ఫైల్ సిస్టమ్ లోపలే ప్రత్యేకం. రెంటినీ ఒకటిగా చూపిస్తే ఒకే నంబరుతో రెండు ఫైళ్లు కనిపించి కొన్ని కంప్యూటర్లు గల్లంతవుతాయి. 2000లో తొలిసారి ప్రచురించిన నాలుగో వెర్షన్‌లో లోపలి డిస్క్‌ను కూడా ఎక్స్‌పోర్ట్ చేస్తే దానంతటదే కనిపిస్తుంది. మావాడు చేయలేదు, అంతే.

'క్రాస్ఎంఎన్‌టీ' అని ఒక మాట రాసేస్తే సరిపోతుందంటారు చాలామంది. నాకు ఒప్పుదల లేదు. రేపు ఆ ఫోల్డర్ కింద ఎవరి డిస్క్ మౌంట్ చేసినా, అదీ అందరికీ తెరుచుకుంటుంది. అమానత్ అలా చూసుకోం. లోపలి డిస్క్‌కు వేరే ఎక్స్‌పోర్ట్ రాయడమే సహీ.

దాచడం తప్పు కాదు, చెప్పకుండా ఖాళీ చూపడమే తప్పు. కంగారులో మావాడు కొన్ని కాగితాలు మళ్లీ స్కాన్ చేసి ఆ 'ఖాళీ' ఫోల్డర్లో వేశాడు. అవి కొత్త డిస్క్ కింద, పాత డిస్క్ మీద చిక్కుకున్నాయి. సర్వర్‌కు కనిపించవు, బ్యాకప్‌లోకి రావు. కొత్త డిస్క్‌ను అన్‌మౌంట్ చేస్తేనే బయటపడ్డాయి.

అందుకే నా గుజారిష్: మౌంట్ చేసే ముందు ఆ ఖాళీ ఫోల్డర్లో 'ఇక్కడ డిస్క్ లేదు, ఏమీ పెట్టకండి' అనే పేరుతో ఒక ఫైల్ ఉంచండి. కుదిరితే ఆ ఫోల్డర్లో ఎవరూ రాయలేకుండా కట్టేయండి. అయిదు నిమిషాల పని. దాదాజాన్ ఉత్తరాలకు ఆ మాత్రం హిఫాజత్ మన జిమ్మేదారీ.