సాఫ్ట్‌బాల్ క్రీడయు సత్యశీలమును

క్రమశిక్షణ యను మాట మన ఉన్నత పాఠశాలలలో దినమునకు పదిమార్లు వినబడుచుండును. ప్రార్థనకు వరుసలో నిలుచుట, గంట మ్రోగగానే తరగతికి పోవుట, ఉపాధ్యాయుడు ప్రవేశించినపుడు లేచి నిలుచుట, ఇవి యన్నియు క్రమశిక్షణయే. కాని యివి చూచువారు ఉన్నపుడు జరుగు పనులు. చూచువారు లేనపుడు విద్యార్థి యెట్లు ప్రవర్తించునో తెలిసికొనుటకు తరగతి గదికంటె ఆటస్థలము మేలైన చోటు. ఆటలలోను సాఫ్ట్‌బాల్ ఇందులకు మిక్కిలి తగినదని నా యభిప్రాయము. అంపైరు చేయి చూపగానే లోబడుట మాత్రమే క్రీడాధర్మము కాదు. అంపైరు చూడని సత్యమును ఆటగాడు తనంతట తాను చెప్పుట క్రీడాధర్మము. దానిని పిల్లలకు నేర్పదలచిన పెద్దలము ముందుగా మనమే పాటింపవలయును. ఈ వ్యాసమున నేను చెప్పదలచినది యింతే.

ఈ యాట పుట్టుక విచిత్రమైనది. 1887వ సంవత్సరము నవంబరు మాసమున చికాగో నగరమందలి ఫర్రాగట్ బోటు క్లబ్బులో కొందఱు యువకులు హార్వర్డు, యేలు కళాశాలల ఫుట్‌బాల్ పోటీ ఫలితమునకై వేచియుండిరి. వారిలో నొకడు పాత బాక్సింగు గ్లౌజును మఱియొకనిపై విసరగా, అతడు దానిని కఱ్ఱతో కొట్టెనట. అది చూచిన జార్జి హాన్‌కాక్ ఆ గ్లౌజునే బంతివలె కట్టించి, గదిలోపల ఆడదగిన యొక క్రొత్త ఆటకు రూపము నిచ్చెను. తరువాత నది ఆరుబయటికి వచ్చి పలు పేరులతో వ్యాపించెను. 1926లో డెన్వరు నగరపు వై.యం.సి.ఏ.కు చెందిన వాల్టర్ హకాన్‌సన్ దీనికి సాఫ్ట్‌బాల్ అను పేరు సూచించెను.

వై.యం.సి.ఏ. పేరు ఇచట ఊరక చెప్పలేదు. 1891లో బాస్కెట్‌బాల్, 1895లో వాలీబాల్ పుట్టినది ఆ సంస్థవారి వ్యాయామశాలలయందే. 1920లో హెచ్. సి. బక్ మదరాసులో వై.యం.సి.ఏ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించెను. డ్రిల్లు మాస్టరు అనగా బెత్తము పట్టి కవాతు చేయించువాడని తలచుచుండిన ఆ దినములలో, వ్యాయామమును విద్యలో నొక భాగముగ నేర్పు ఉపాధ్యాయులు అచటినుండి దక్షిణదేశ పాఠశాలలకు వచ్చిరి. దేహము, మనస్సు, ఆత్మ యను మూడింటిని సూచించు త్రికోణము ఆ సంస్థ చిహ్నము. మిషను పాఠశాలలు ఆటలను ఆదరించుటకు గల కారణమును ఆ త్రికోణమే చెప్పుచున్నది. దేహమునకు బలము చేకూర్చి ఆత్మను వంకర చేయు ఆట మన ఆవరణమున ఉండదగినది కాదు.

ఆట యెఱుగనివారి కొఱకు రెండు మాటలు. పక్షమునకు తొమ్మండుగురు. బేసు నుండి బేసునకు 60 అడుగులు. పేరులో మెత్తదనమున్నను బంతి మెత్తనిది కాదు. దాని చుట్టుకొలత 12 అంగుళములు. పిచ్చరు చేతిని క్రిందినుండి త్రిప్పి బంతిని వేయును. మూడు స్ట్రైకులకు బ్యాటు పట్టినవాడు ఔటు. నాలుగు బాల్సునకు మొదటి బేసు ఉచితము. ముగ్గురు ఔటయినచో ఆ పక్షపు వంతు ముగియును. ఇట్టివి ఏడు వంతులు.

ఈ యాటలోని మూడు విషయములు విద్యార్థి శీలమును దిద్దునవి. మొదటిది ఓర్పు. బేసుపై నిలిచిన ఆటగాడు పిచ్చరు చేతినుండి బంతి విడివడువఱకు కదలరాదు, కదలినచో ఔటు. దీని సోదరక్రీడయైన బేస్‌బాల్‌లో ముందుగనే కొన్ని అడుగులు జరిగి నిలుచుటకు వీలున్నది. సాఫ్ట్‌బాల్‌లో లేదు. కాళ్లు పరుగెత్తుటకు సిద్ధముగనున్నను మనస్సు వానిని పట్టి నిలుపవలయును. ఉడుకు నెత్తురుగల పదునాలుగేండ్ల బాలునికి ఇంతకంటె మంచి వ్యాయామము వేఱొకటి లేదు.

రెండవది త్యాగము. బేసుపైనున్న తోటివాని ముందుకు జరుపుటకై, బ్యాటు పట్టినవాడు దానిని ఊపక బంతికి అడ్డముగ పట్టి మెల్లగ నేలకు దించును. ప్రత్యర్థులు బంతి నెత్తి వానిని ఔటు చేయుదురు. ఈలోగా తోటివాడు తరువాతి బేసు చేరును. దీనిని ఆటవారు బంట్ అందురు. స్కోరు పుస్తకములో దీనికి త్యాగమనియే పేరు. చప్పట్లు తోటివానికి, ఔటు తనకు. బంతిని దూరముగ కొట్టి పేరు తెచ్చుకొనవలెనను కోరికను అణచుకొని, కెప్టెను చెప్పినట్లు బంట్ చేసిన బాలుడు, వ్యాసరచనలో బహుమానము పొందినవానికి తీసిపోడు.

మూడవది తీర్పునకు లోబడుట. ఏడు వంతులును పూర్తిగ జరిగినచో ఉభయపక్షములకు కలిపి 42 ఔట్లు. ఒక్కొక్క ఔటునకు ముందు మూడు బంతులే పడినవనుకొన్నను నూఱు దాటును. ఆ బంతులలో బ్యాటు తాకక పోయినవానిలో ఏది స్ట్రైకో, ఏది కాదో క్యాచరు వెనుక నిలిచిన అంపైరు కనురెప్పపాటులో చెప్పవలయును. ఆయనయు మనుష్యుడే, పొరబడును. నియమము తప్పుగ అన్వయింపబడెనని తోచినచో దానిని మర్యాదగ విన్నవించుటకు మార్గము కలదు. బంతి ఎత్తును గూర్చి వాదించుటకు మాత్రము లేదు. బ్యాటును నేలకు కొట్టుట, పెదవి విఱుచుట, గీత వెలుపలనుండి కేకలువేయుట, ఇవి యేవియు జరిగిన తీర్పును మార్చలేవు. అవి చేయువానినే మార్చును.

ఇంతవఱకు చెప్పినది నేర్పదగిన క్రమశిక్షణ. అభ్యాసముచేతను, శిక్షచేతను, కొంత భయముచేతను గూడ ఇది అలవడును. దీనికి పైమెట్టు ఒకటి కలదు. అది భయముచేత రాదు.

బేసు దగ్గఱ దుమ్ము లేచినది. పరుగెత్తి వచ్చినవాడు జాఱి పడినాడు. గ్లౌజు వాని కాలికి తగిలినదా లేదా? అంపైరు వెనుక నిలిచియున్నాడు, ఆయనకు కనబడలేదు. బయటిమైదానమున ఒకడు ముందునకు దుమికి బంతిని పట్టినాడు. అది నేలను తాకకముందు పట్టినదా, తాకిన తరువాతనా? ఈ ప్రశ్నలకు నిశ్చయమైన సమాధానము ఒక్కనికే తెలియును. అంపైరు వానికి అనుకూలముగ తీర్పు చెప్పెను. అప్పుడు వాడు చేయవలసినదేమి?

అంపైరు తీర్పే తుదితీర్పు, నన్ను అడుగలేదు గనుక నేనేల చెప్పవలెనని కొందఱందురు. ఎదుటిపక్షమువారు చెప్పుదురా యని మఱికొందఱందురు. మొదటివారికి నా సమాధానము: తీర్పునకు లోబడుట వేఱు, తీర్పు చాటున దాగుట వేఱు. తనకు ప్రతికూలమైన తీర్పును నోరుమూసికొని అంగీకరించుట ఎంత ధర్మమో, తనకు అనుకూలమైన తప్పుడు తీర్పును నోరువిప్పి సరిదిద్దుట అంత ధర్మము. రెండవవారికి సమాధానము ఇంకను సులభము. పరీక్షలో ప్రక్కవాడు చూచి వ్రాసినాడని మనము మన పిల్లలను చూచి వ్రాయనిత్తుమా?

అయితే ఆటలోని నేర్పును అసత్యముగ పొరబడరాదు. పిచ్చరు వేగముగ వేయునట్లు చేయి త్రిప్పి నెమ్మదిగ బంతి వేయును. బంట్ చేయునట్లు బ్యాటు పట్టినవాడు చివర క్షణమున బలముగ కొట్టును. ఇవి ప్రత్యర్థి బుద్ధితో పోటీపడుట. నియమము వీనిని ఒప్పుకొన్నది. పట్టని బంతిని పట్టితినని చేయి పైకెత్తి చూపుట న్యాయాధిపతి యెదుట అబద్ధసాక్ష్యము. ఈ రెంటి భేదమును పదేండ్ల బాలుడు సైతము చక్కగ గ్రహించును. గ్రహింపనట్లు నటించుటను వాడు పెద్దలవద్దనే నేర్చుకొనును.

ఇట్టి ధర్మము పుస్తకములలో తప్ప ఆటస్థలమున సాగదని నిరాశపడువారికి ఒక నిజమైన ఉదాహరణమును చెప్పెదను. 2008వ సంవత్సరము ఏప్రిలు 26వ తేదీన అమెరికాలోని ఎలెన్స్‌బర్గు పట్టణమున సెంట్రల్ వాషింగ్టన్, వెస్టర్న్ ఆరెగాన్ విశ్వవిద్యాలయముల బాలికల జట్లు ఆడుచుండెను. వెస్టర్న్ ఆరెగాన్ జట్టులోని సారా టుకోల్‌స్కీ, ఇద్దఱు తోటివారు బేసులపై ఉండగా, బంతిని కంచె దాటించెను. ఆమె జీవితమున అది మొదటి హోమ్‌రన్. ఆ సంతోషమున మొదటి బేసును తొక్కుట మఱచి, మరల వెనుకకు తిరుగుచుండగా మోకాలు మడతపడి నేలపై కూలెను. తన జట్టువారు తాకినచో ఔటనియు, ఆమెకు బదులు వేఱొకరిని నిలిపినచో హోమ్‌రన్ లెక్కకు రాదనియు అంపైర్లు చెప్పిరి. అప్పుడు ప్రత్యర్థి జట్టులోని మల్లొరీ హోల్ట్‌మన్, మేము ఎత్తుకొని పోవచ్చునా యని అడిగెను. దానికి నిషేధము లేదు. ఆమెయు లిజ్ వాలెస్ అను మఱియొక బాలికయు టుకోల్‌స్కీని చేతులపై మోసికొని, ఒక్కొక్క బేసు దగ్గఱ ఆమె పాదమును మెల్లగ తాకించుచు మిగిలిన బేసులును త్రిప్పిరి. ఆ ఆటలో వెస్టర్న్ ఆరెగాన్ 4-2గా గెలిచెను. మోసినవారు ఓడిరి. ఆ యేడు ఆడిన వేలకొలది ఆటలలో లోకము జ్ఞాపకముంచుకొన్నది ఓడినవారి పేరులను.

ఈ కథలో నియమమును ఎవరును మీరలేదు. నియమమునకు లోబడుచునే, నియమము కోరని మేలును ఆ బాలికలు చేసిరి. క్రమశిక్షణకు పైమెట్టు అని నేను చెప్పినది ఇదియే.

ఇక పెద్దల సంగతి. పాఠశాలల పోటీలలో 14, 17, 19 సంవత్సరముల లోపువారని వయస్సునుబట్టి తరగతు లేర్పఱచిరి. చిన్నవాడు పెద్దవాని బలమునకు బలికాకుండుటకై చేసిన ఏర్పాటిది. దీనిని తప్పించుటకై పుట్టినతేదీలు దిద్దుట, చదువు మానినవానిని పోటీదినములకు మాత్రము విద్యార్థిగ చూపుట మనదేశమున జరుగుచున్న పనులని ఆటలతో సంబంధమున్నవారందఱు ఎఱుగుదురు. క్రీడాప్రశంసాపత్రమునకు కళాశాల ప్రవేశములలోను, ఉద్యోగములలోను విలువ యేర్పడిన కొలది ఈ ఆశ పెరిగినది. దిద్దిన తేదీతో ఒక పెద్దబాలుడు జట్టులో చేరినపుడు, నిజమైన వయస్సుగల యొక చిన్నవాడు గీత వెలుపల కూర్చుండును. వాని నష్టమును స్కోరు పుస్తకమున ఎవరును వ్రాయరు.

ఇది మన దేశమునకే పరిమితమైన దోషము కాదు. 2001లో అమెరికా బాలుర బేస్‌బాల్ పోటీలలో న్యూయార్కుకు చెందిన జట్టులోని ఒక పిచ్చరు అద్భుతముగ ఆడి దేశమంతట కీర్తి పొందెను. ఆ పోటీ 12 ఏండ్లవఱకు గల బాలురది. అతడు 1989లో పుట్టినట్లు పత్రము చూపిరి. నిజమునకు 1987లో పుట్టినవాడు. విషయము బయటపడగా ఆ జట్టు సాధించిన విజయములన్నియు కొట్టివేయబడెను. ఆ బాలుని పేరు ఇచట వ్రాయుట నా కిష్టము లేదు. తప్పు పత్రము సృష్టించిన పెద్దలది. లోకమున మాత్రము వాని పేరే నిలిచిపోయెను. పెద్దల ఆశకు పిల్లలు చెల్లించు వెల ఇట్టిది.

కావున నా సూచనలు కొన్నిటిని మన పాఠశాలల పెద్దల ఎదుట ఉంచుచున్నాను. జట్టు పట్టికపై సంతకము చేయుటకు ముందు ప్రధానోపాధ్యాయుడు ప్రవేశపు రిజిష్టరును తానే చూడవలెను. అనుమానమున్న పేరును కొట్టివేయవలెను. తొమ్మండుగురు దొరకనిచో ఆ యేడు జట్టును పంపకుండుట అవమానము కాదు. వార్షికోత్సవమున గెలుపు కప్పులతోపాటు, తనకు నష్టమైనను సత్యము చెప్పిన ఆటగానికి ఒక బహుమాన మియ్యవలెను. పోటీ జరిగిన మరునాటి ప్రార్థనాసమావేశమున ఫలితమును చదువు కెప్టెను, ప్రత్యర్థులు చక్కగ ఆడిన యొక్క సంగతినైన చెప్పవలెను. తలిదండ్రులు ఇంటికి వచ్చిన బిడ్డను గెలిచితివా యని అడుగుటకు ముందు, ఎట్లు ఆడితివని అడుగవలెను. వీనిలో ఏ యొక్కటియు ధనవ్యయముతో కూడినది కాదు.

అపొస్తలుడైన పౌలు తన పత్రికలలో పందెగాండ్రను ఉపమానముగ తెచ్చుట మనమెఱిగినదే. ఆయన తిమోతికి వ్రాయుచు కిరీటమును నియమముతో ముడిపెట్టెను, బలముతో కాదు. విద్యార్థులారా, మీలో ననేకులు పాఠశాల విడిచిన పిమ్మట బ్యాటు పట్టరు. కాని లెక్కల పుస్తకము ముందో, త్రాసు ముందో, సాక్షి బోనులోనో, దుమ్ము లేచినందున అంపైరుకు కనబడని చోట మీరు నిలువవలసిన దినము తప్పక వచ్చును. ఆ దినమున గ్లౌజు తగిలినదో లేదో మీ కొక్కరికే తెలియును. అప్పుడు చెప్పవలసిన మాటను ఈ మైదానముననే, ఒక్క పరుగు మాత్రమే పోవు చోటనే, పలుకుట అలవఱచుకొనుడు.