పెద్దబాపుకి వేసిన సూది

పోయినేడు మల్లాపూర్ నుంచి ఫోన్. చాయ్ తాగుతుంటే మా పెద్దబాపు చేతిలోంచి గ్లాసు జారింది, మూతి వంకరపోయింది. ఊళ్ళో ఆరెంపీ "టెన్షన్ పడకున్రి, తగ్గుతది" అని స్టెరాయిడ్ సూది వేసి పండుకోబెట్టిండు. కోరుట్ల, జగిత్యాల దాటి కరీంనగర్ చేరేసరికి సాయంత్రం. కుడి చెయ్యి ఇప్పటికీ లేవట్లేదు.

ఆ సూది సంగతేంటో చూద్దామని చదవడం మొదలుపెట్టాను. బగ్ కనిపిస్తే మనం ఊరుకోలేం కదా!

మెదడు మన బరువులో 2 శాతమే, కానీ ఒంట్లోని ఆక్సిజన్‌లో 20 శాతం దానికే కావాలి. కణాలకి కరెంటు లాంటిది ఏటీపీ. దాన్ని 1929లో వెలికితీసినవాళ్ళలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారొకరు. రక్తం ఆగితే నిమిషాల్లో ఏటీపీ అయిపోతుంది. గ్లుటమేట్ బయటికి పొంగుతుంది, కాల్షియం లోపలికి దూకుతుంది, కణం చస్తుంది.

మరి స్ట్రెస్ హార్మోన్? పులి వెంటపడితే పరిగెత్తడానికి అది మంచిదే. కానీ జ్ఞాపకాలకి కీలకమైన హిప్పోక్యాంపస్ కణాలకి చక్కెర అందడాన్ని తగ్గిస్తుంది. అసలే యూపీఎస్ మీద నడుస్తున్న సర్వర్‌కి బ్యాటరీ కూడా పీకేసినట్టు! 1985లో సపోల్‌స్కీ, పుల్సినెల్లి ఎలుకల మెదడుకి రక్తం ఆపి చూశారు. ఈ హార్మోన్ ఎక్కువిచ్చినవాటికి నష్టం ఎక్కువ, అడ్రినల్ గ్రంథులు తీసేసినవాటికి తక్కువ.

స్టెరాయిడ్ సూది కూడా ఈ హార్మోన్ కుటుంబమే. అలాగని అది విషం కాదు. 2020లో ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగుల ప్రాణాలు కాపాడింది డెక్సామెథసోనే. డాక్టరు రాసిస్తే మీ అంతట మీరు ఆపకండి. డెడ్‌లైన్ టెన్షన్‌కే మెదడు కణాలు రాలిపోతాయనీ నేననట్లేదు.

పెద్దబాపుని ఆ సూదే ముంచిందనీ అనను. ఎలుకల లెక్క మనిషికి అట్లనే అతకదు. ముంచింది మాత్రం పోయిన టైమ్. పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల న్యూరాన్లు పోతాయని 2006లో ఒక అంచనా వేశారు. గడ్డ కరిగించే మందుకి మామూలుగా గడువు నాలుగున్నర గంటలు. అదీ సీటీ స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలాకే.

మనం హైదరాబాద్‌లోనో అమెరికాలోనో కూర్చుని ఆదివారం ఫోన్‌లో "తిన్నరా? పన్నరా?" అని అడుగుతాం. ఈసారి ఇంకో ముక్క చెప్పండి: మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా టైమ్ గుర్తుపెట్టుకుని 108కి ఫోన్ చెయ్యమనండి. సూది వేయించుకుని పండుకోవద్దనండి.

మా ఇంట్లో ఆ ముక్క ఎవరూ ముందే చెప్పలేదు. చెప్పాల్సింది, అందరికన్నా ఎక్కువ చదువుకున్న నేనే.