స్టాంపు కాగితపు విడాకులు

విస్సన్నపేట, నూజివీడు ప్రాంతపు మామిడిసీమలో అర యెకరము తోట చేతులు మారవలెనన్నను సబ్ రిజిస్ట్రారు కచేరికి పోయి, సాక్షులను నిలిపి, వ్రేలిముద్రలు వైచి దస్తావేజు రిజిస్టరు చేయించుకొననిదే యెవ్వరును నమ్మరు. భూమి విషయమున నింత జాగరూకులగు మన రైతులు, పెండ్లి తెగుటకు మాత్రము ఒక స్టాంపు కాగితమును, నలుగురు పెద్దల సంతకములును చాలునని యెంచుచున్నారు. ఇది మాకు వింతగా తోచుచున్నది. ఆ కాగితమువలన తెగక మిగిలిన పెండ్లియే రేపు ఆ తోటనుగూడ వ్యాజ్యములోనికి ఈడ్చును గదా!

పద్ధతి అందఱెఱిగినదే. ఆలుమగలకు పొసగనప్పుడు ఉభయపక్షముల పెద్దలు కూర్చుండి, ఇచ్చిన కట్నమును, పెట్టిన బంగారమును లెక్కగట్టి, కొంత సొమ్ము ఇప్పించి, ఇకమీదట నొకరిపై నొకరికి హక్కు లేదనియు, ఎవరి యిష్టము వచ్చినట్లు వారు మారుమనువు చేసికొనవచ్చుననియు వ్రాయింతురు. పెద్దల సదుద్దేశమును మేము శంకింపము. కోర్టుల చుట్టు ఏండ్ల తరబడి తిరుగుటకంటె ఒక పూటలో తగవు తీరుట మేలని వారి తలంపు. తగవు తీరుచున్నమాట నిజమే. పెండ్లి మాత్రము తీరుట లేదు.

ఇచట మేము హిందూ వివాహచట్టము వర్తించువారి సంగతియే చెప్పుచున్నాము. విడాకులు మన పల్లెలకు క్రొత్తవి కావు. శాస్త్రము ననుసరించు కులములలో వివాహబంధము తెగనిదని చెప్పుచుండిన కాలముననే, పెక్కు కులములలో విడుపును, మారుమనువును ఆచారముగా నుండెను. కృష్ణామండలము చెన్నరాష్ట్రములో నున్నప్పుడు, 1949 నాటి మద్రాసు శాసనము ద్విభార్యాత్వమును నిషేధించి, విడాకులకు న్యాయస్థానపు త్రోవ చూపినది. 1955 నాటి హిందూ వివాహచట్టము దేశమంతటికిని ఆ త్రోవనే వేసినది. అయినను ఆ చట్టపు 29వ సెక్షను ఆచారసిద్ధమైన విడాకుల హక్కును త్రోసిపుచ్చలేదు. పెద్దలు పట్టుకొని వ్రేలాడునది ఈ యొక్క కొమ్మనే.

ఆ కొమ్మ యెంత గట్టిది? ఆచారమనగా చిరకాలమునుండి యెడతెగక, ఒకే తీరున, నిశ్చితముగా నడచుచు, న్యాయమునకును లోకహితమునకును విరుద్ధము కానిదై యుండవలయును. ఆచారముచే విడాకులు పొందితినని చెప్పువాడే దానిని ప్రత్యేకముగా అర్జీలో వ్రాసి, సాక్ష్యముతో ఋజువు చేయవలయునని 2002లో యమనాజీ జాదవ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు స్పష్టపఱచినది. ఊరి పెద్దలు సంతకము చేసిరనుట ఆచారమునకు ఋజువు కాదు. ఏ కులమున విడుపు ఆచారమే లేదో ఆ కులమువారి కాగితమునకు ఈపాటి ఆధారమైనను లేదు. నేడు అన్ని కులములవారును ఒకే నమూనా కాగితమును వ్రాయించుకొనుచున్నారు!

దీని ఫలితమెట్టిదో ఒక యుదాహరణమున చూతము. ఒక రైతునకు స్వార్జితమైన ఐదెకరముల తోట కలదనుకొందము. మొదటి భార్యకు ఒక కూతురు. పెద్దల కాగితముతో ఆమెను పంపి, అతడు వేఱొకతెను పెండ్లాడినాడు. ఇరువురు బిడ్డలు కలిగిరి. ఇరువది యేండ్ల పిమ్మట వీలునామా లేకయే మరణించినాడు, తల్లి బ్రతికియున్నది. విడాకుల ఆచారము ఋజువు కాలేదు. అప్పుడు తోట ఐదు భాగములగును: తల్లికొకటి, మొదటి భార్యకొకటి, ఆమె కూతునకొకటి, రెండవ యామె బిడ్డలకు రెండు. చెల్లని పెండ్లి బిడ్డలైనను వివాహచట్టపు 16వ సెక్షను వారిని ఔరసులుగానే యెంచును. ఇరువదియేండ్లు ఆ చెట్లకు నీరు పెట్టిన రెండవ యామెకు మాత్రము ఒక్క చెట్టును రాదు. చట్టము దృష్టిలో ఆమె భార్యయే కాదు. చెల్లని పెండ్లి రద్దయినప్పుడు భరణము అడుగవచ్చునని 2025లో సుప్రీంకోర్టు చెప్పినది గాని, భరణము వేఱు, వారసత్వము వేఱు.

మొదటి భార్యయు ఆ కాగితమును నమ్మి మారుమనువు చేసికొన్నచో, ఆ పెండ్లియు చెల్లదు. పైగా భర్త జీవించియుండగా మఱల వివాహమాడినందులకు భారతీయ న్యాయసంహితలోని 82వ సెక్షను క్రింద ఏడేండ్లవఱకు ఖైదు విధింపదగిన నేరారోపణయు తలపై వ్రేలాడుచుండును. తన పెద్దలే తన చేత సంతకము పెట్టించిరని ఆమె యెవరితో చెప్పుకొనును?

ఇంకొక సంగతి. పంచాయతీ జరుగునప్పుడు ఆమె తరఫున తండ్రి పలుకును, అన్న పలుకును, మేనమామ పలుకును. ఆమె వాకిటి తలుపు చాటున నుండును. న్యాయస్థానములో నట్లు కాదు. ఉభయుల యంగీకారముతో విడాకులు పొందు త్రోవ 1976లో 13-బి సెక్షనుగా ఏర్పడినది. ఏడాదికి తక్కువ కాకుండ వేఱుగా నున్న భార్యాభర్తలు కలిసి అర్జీ పెట్టుకొందురు. ఆఱు మాసములు గడచిన పిదప న్యాయాధికారి వారిని విచారించి, అంగీకారము నిజమైనదని తోచినచో డిక్రీ యిచ్చును. ఈ లోపల ఎవరైనను మనస్సు మార్చుకొనవచ్చును. పెద్దలకు నచ్చనిది ఇదియే. మాకు మిక్కిలి నచ్చినదియు ఇదియే. రాజీ యంతయు కుదిరి, కలియుట కల్ల యని తేలినచోట ఆ ఆఱు మాసములను న్యాయస్థానము మాఫీ చేయవచ్చునని 2017లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది గావున, ఆలస్యమను సాకును కొంత తగ్గినది. పెద్దలు కుదిర్చిన షరతులనే ఆ అర్జీలో చేర్చవచ్చును. వారి శ్రమ వ్యర్థము కాదు.

మనోవర్తి విషయమున మామిడి రైతుల కొక చిక్కు కలదు. తోటను పూతమీదనో పిందెమీదనో వ్యాపారికి గుత్తకిత్తురు; రాబడికి లెక్కపుస్తకముండదు, ఆదాయపు పన్నుండదు. కాపు ఒక యేడు విరుగగాయును, మరుసటి యేడు వెలితిపడును. భర్త వెలితియేటి లెక్క చూపును, భార్య పక్షమువారు విరుగగాచిన యేటి లెక్క చెప్పుదురు. 2020లో రజనీష్, నేహల వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఉభయులును ఆస్తి అప్పులను ప్రమాణపత్రముపై వెల్లడింపవలయునని నిర్ణయించి, వ్యవసాయదారులకు ప్రత్యేకముగా ఒక నమూనాను జతపఱచినది. గడచిన మూడేండ్ల రాబడిని అది అడుగుచున్నది. మామిడికి ఇంతకంటె న్యాయమైన కొలత మాకు తోచుట లేదు.

సొమ్మునకు బదులు భూమి నిచ్చువారు మఱింత మెలకువతో నుండవలయును. స్టాంపు కాగితములో వ్రాసిన రెండెకరములు ఆమెవి కావు. రిజిస్ట్రేషను లేనిదే హక్కు సంక్రమింపదు. కోర్టులో రాజీ డిక్రీ పొందినను, ఆ వ్యాజ్యములో లేని భూమిని రాజీలో చేర్చినచో ఆ డిక్రీకిని రిజిస్ట్రేషను ఆవశ్యకము. ఆమె జీవితాంతము అనుభవించి, పిదప మా వారికే చెందవలయునని వ్రాయించు గృహస్థులు నెల్లూరు తులశమ్మ వ్యాజ్యమును స్మరింపవలయును. 1949లో మనోవర్తికి బదులుగా రాజీమీద పరిమితహక్కుతో ఆమెకు ఆస్తి నిచ్చిరి. ఆమె దానిని విక్రయింపగా మఱది వ్యాజ్యము వేసెను. 1977లో సుప్రీంకోర్టు ఆ యాస్తి హిందూ వారసత్వచట్టపు 14వ సెక్షనుచే ఆమెకు సంపూర్ణహక్కు భుక్తమైనదని తీర్పు చెప్పినది. అటు పిమ్మట ఆ సెక్షనుపై భిన్నములైన తీర్పులు వచ్చుటచే 2024లో ఆ ప్రశ్న విస్తృత ధర్మాసనమునకు నివేదింపబడినది గాని, ఇచ్చి మఱల తీసికొనవచ్చునను ధీమా మాత్రము భూస్వాములకు తగదు.

ఇదివఱకే కాగితములు వ్రాసికొన్నవారి మాట యేమి? ఉభయులును జీవించియుండగనే, నాడు సంతకము చేసిన పెద్దలే వారిని పిలిపించి 13-బి క్రింద అర్జీ పెట్టించుట యుత్తమము. భార్య ఉన్నచోటనే ఉమ్మడి యర్జీ వేయవచ్చును. స్త్రీకి ఆదాయముతో నిమిత్తము లేకయే న్యాయసేవల సంస్థ ఉచితముగా న్యాయవాదిని నియమించును. 1987 నాటి చట్టము ఆమెకా హక్కు నిచ్చినది. మారుమనువు ముందే జరిగియుండినచో, డిక్రీ వచ్చి అప్పీలు గడువు దాటిన పిమ్మట ఆ పెండ్లిని మఱల జరిపించి రిజిస్టరు చేయింపవలయును. ఇవి కుదురువఱకును ఆ రైతు తన స్వార్జితమునకు వీలునామా వ్రాసి, సాక్షులయెదుట సంతకము చేసి, రిజిస్టరు చేయించియుంచుట మంచిది. అట్లయినచో ఆ రెండవ యామెకు ఒక యెకరమైనను దక్కును.