నిజము ముందు రోగికే

రోగికి చేయు సేవను ఉర్దూలో 'తీమార్‌దారీ' అంటారు. తెలుగులో 'పరిచర్య' అంటాము. మాటలు రెండైనను భావము ఒక్కటే: బాధపడువాని ప్రక్కన నిలిచి అతని అవసరమును కనిపెట్టి చూచుట. మందిచ్చుట, గాయము కట్టుట, జ్వరము చూచుట అందులో భాగములే. కాని రోగి మంచముపై నుండి "నాకేటయ్యింది నర్సమ్మా?" అని అడిగినపుడు ఏమి చెప్పవలెనన్నది వీటన్నిటికంటె కఠినమైన పరీక్ష. మన కళాశాల విద్యార్థులలో నర్సింగు వృత్తిని చేపట్టదలచినవారు ఉండవచ్చును గనుక, ఈ ప్రశ్నను ఇక్కడ చర్చింపదలచితిని.

ఉత్తరాంధ్రలో ఇది ఊహకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు. శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానము కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలకు పేరుగన్న సీమ. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, వజ్రపుకొత్తూరు, మందస, పలాస మండలములలో దశాబ్దములుగా మూత్రపిండముల వ్యాధి ప్రబలియున్నది. మధుమేహము లేనివారికి సైతము ఇది వచ్చుచున్నది. మూలకారణము ఇంకను నిర్ధారణ కాలేదు. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రములోని వరిరైతులను, మధ్య అమెరికాలోని చెరకుతోటల కూలీలను ఇటువంటి వ్యాధియే పీడించుచున్నది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండ వ్యాధుల పరిశోధనా కేంద్రము ప్రారంభమైనవి. ఇది సంతోషింపదగిన విషయము. కాని యంత్రము రక్తమును శుద్ధిచేయగలదే గాని, రోగి ప్రశ్నకు జవాబు చెప్పలేదు.

కవిటి ప్రాంతపు తోటకూలీని ఒకనిని ఊహించుకొనండి. అలసట, కాళ్ళవాపు, రక్తపరీక్షలో క్రియాటినిన్ హెచ్చుగా కనిపించినది. కొడుకు నర్సును ప్రక్కకు పిలిచి, "మా అయ్యకు సెప్పకండమ్మా, బెంగెట్టుకుంటాడు" అని బతిమాలినాడు. ఆ మాటలో ప్రేమ ఉన్నది. నర్సు మౌనము వహించినది. అటుపై ఏమి జరుగును? ఒళ్ళునొప్పులకు అలవాటుగా కొనుక్కొను మాత్రలను ఆ తండ్రి మానడు. వాటిలో అనేకము జబ్బుపడిన మూత్రపిండములను మరింత చెరచును. ఉప్పు తగ్గింపడు. రక్తపోటు మాత్రలు క్రమముగా వేసుకొనడు. డయాలసిస్ అవసరమగునని ముందే తెలిసినచో, చేతిలో రెండు రక్తనాళములను కలిపి 'ఫిస్టులా' ఏర్పరచుట మేలు. అది పనికివచ్చు స్థితికి చేరుటకు వారములు, ఒక్కొక్కపుడు నెలలు పట్టును. జబ్బు సంగతే తెలియనివాడు దానికి ఎట్లు సిద్ధపడగలడు? చివరకు ఊపిరాడని స్థితిలో ఆసుపత్రికి వచ్చినపుడు మెడలో గొట్టము వేయవలసి వచ్చును. అందువలన రక్తమునకు అంటు సోకు ప్రమాదము హెచ్చు. దయతోనే నిజమును దాచినారు. కాని ఆ దయవలన రోగి తనకున్న కాలమును పోగొట్టుకొన్నాడు.

"వ్యాధి సంగతి చెప్పవలసినవాడు వైద్యుడు గదా, నర్సుకేల?" అని కొందరనవచ్చును. నిజమే. రోగనిర్ణయమును తెలియజేయుట వైద్యుని బాధ్యత. నర్సు ఆ హద్దు దాటరాదు. కాని హద్దు దాటకుండుట వేరు, అబద్ధమాడుట వేరు. "ఏమీ లేదు తాతా, తగ్గిపోతుంది" అనుటకు బదులు, "డాక్టరుగారితో మాట్లాడిస్తాను తాతా, ఆయన చెప్పేటప్పుడు నేనూ మీ పక్కనే ఉంటాను" అనవచ్చును. కుటుంబమునకు నెమ్మదిగా నచ్చజెప్పవచ్చును. ఒకవేళ రోగియే తనకు వివరములు వద్దన్నచో ఆ కోరికను మన్నింపవలసినదే. ఏలయన ఆ నిర్ణయము రోగిది, కొడుకుది కాదు.

రోగికి నిజము చెప్పుట ఎంత ధర్మమో, ఇతరులకు చెప్పకుండుట అంత ధర్మము. డయాలసిస్ సాధారణముగా వారమునకు రెండు మూడు మారులు, ప్రతిమారు సుమారు నాలుగు గంటలు జరుగును. ఆ సమయములో రోగి తన అప్పులు, కూతురి పెండ్లి, మనసులోని భయములు నర్సుతో చెప్పుకొనును. వ్యాధి ఉన్న ఇండ్లతో వియ్యమందుటకు జంకువారున్నారని వింటున్నాము. అట్టిచోట నోరుజారిన ఒక్క మాట ఒక ఆడపిల్ల జీవితమును దెబ్బతీయగలదు. మన వాడుక దీనికి తలక్రిందులు: ఊరందరికి తెలియును, రోగికి మాత్రము తెలియదు!

ఇవి కేవలము నా అభిప్రాయములు కావు. రోగి గోప్యతను కాపాడుట, తెలిసి నిర్ణయించుకొనుటకు అతనికి తోడ్పడుట నర్సు విధులని భారత నర్సింగు మండలి 2006 నాటి నైతిక నియమావళి చెప్పుచున్నది. చికిత్సకు ముందు తగినంత సమాచారమిచ్చి రోగి సమ్మతి పొందవలెనని సుప్రీంకోర్టు 2008లో తీర్పు చెప్పినది. అయితే చదవలేని ఆంగ్ల పత్రముపై వేలిముద్ర వేయించుకొన్నంత మాత్రమున అది సమ్మతి యగునా? వ్యాధి కారణమును వెదకుచు ఉద్దానములో రక్తము, మూత్రము నమూనాలను పలుమార్లు సేకరించినారు. ఎందుకు తీసుకొనుచున్నారో ముందు, ఏమి తేలినదో తరువాత, ఇచ్చినవానికి అతని భాషలో చెప్పుట న్యాయము. శ్రీకాకుళ ప్రాంతమున జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలకు చదువు చెప్పుటకై ముందు తామే సవర భాష నేర్చినారు. ఒడియా, సవర, ఉర్దూ మాటలాడు రోగులు వచ్చు మన ప్రాంతపు నర్సులకు ఇంతకంటె మంచి ఆదర్శము లేదు.

ఇంత భారమును నర్సుపై మోపి సమాజము చేతులు దులుపుకొనరాదు. వార్డంతటికి ఒక్క నర్సు పరుగులిడుచుండగా, రోగి ప్రక్కన కూర్చుండి మాటలాడుటకు ఆమెకు తీరిక ఎక్కడిది? తగినంతమంది సిబ్బందిని నియమించుట కూడ నైతిక ప్రశ్నయే. నిజము చెప్పిన నర్సుపై బంధువులు కోపగించినపుడు వైద్యులు, అధికారులు ఆమె పక్షమున నిలువవలెను.

కళాశాల కమిటీవారికి ఒక మనవి. ఏటేటా ఒకరోజు అనుభవజ్ఞులైన నర్సులను పిలిపించి, రోగుల హక్కులను గూర్చి విద్యార్థులతో మాటలాడించండి. తెలుగు, ఉర్దూ రెండును తెలిసిన మన విద్యార్థులు సెలవులలో ఆసుపత్రులలో రోగులకు మాటసాయము చేయునట్లు ఏర్పాటు చేయండి. విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు రేపు నర్సులగుదురు. మరికొందరు ఆసుపత్రిలో తల్లిదండ్రుల మంచము ప్రక్కన నిలుతురు. ఆనాడు "చెప్పకండమ్మా" అను మాట నోటికి వచ్చినపుడు, ఆ మంచముపై ఉన్నది మీరే అయినచో ఏమి కోరుదురో ఒక్క క్షణము ఆలోచించండి.