జవాబుకి చోటు లేకపోతే అర్జీ తీసుకోవద్దు

డ్రైవర్లు రాసేవాళ్ళలో ఒక మాట తెగ చెలామణీలో వుంది: "కంప్లీషన్ క్యూ నిండదులే, నిండితే సైజు రెట్టింపు చేద్దాం." కోడ్ రివ్యూల్లో ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. దీన్ని డిజైన్ అనరండీ, దేవుడి మీద భారం వెయ్యడం అంటారు.

కెర్నెల్ జోలికి వెళ్ళనివాళ్ళ కోసం రెండు ముక్కలు. డిస్కుకి ఏదైనా పని అప్పజెప్పాలంటే డ్రైవర్ ఒక వరసలో అర్జీ పెడుతుంది. పని అయ్యాక డిస్కు ఇంకో వరసలో జవాబు పెడుతుంది. ఆ రెండోదే కంప్లీషన్ క్యూ. చాలామంది దాన్ని ఉత్త సమాచారం అనుకుంటారు. నన్నడిగితే అది స్వాధీనపత్రం. అర్జీతో పాటు ఒక మెమరీ ముక్కని డిస్కు చేతిలో పెట్టాం. జవాబు వస్తేనే అది మళ్ళీ మనది.

ఆ జవాబు గల్లంతయిందనుకోండి. పని అయిపోయిందో, ఇంకా నడుస్తోందో తెలీదు. అయిపోయిందనుకుని ఆ ముక్కని ఇంకొకరికి ఇచ్చేస్తే, నడుస్తున్న పని వాళ్ళ డేటా మీద రాసేస్తుంది. భయపడి డిస్కుని రీసెట్ చేస్తే, ఏ పాపం ఎరుగని మిగతా అర్జీలన్నీ ఆగిపోతాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మన పోస్టాఫీసుకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. రసీదు కావాలంటే రిజిస్టర్డ్ ఉత్తరానికి అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు ముందే జత చేసి, దాని మీద మన అడ్రసు రాసి ఇచ్చేవాళ్ళం. ఉత్తరం చేరాక కార్డు కోసం ఎవరూ వెతుక్కోనక్కర్లేదు.

2011లో వచ్చిన ఎన్‌వీఎంఈ ఈ పద్ధతికి దగ్గరగానే వుంది. క్యూ నిండితే డిస్కు కొత్త జవాబు పెట్టకూడదు, చోటు దొరికేదాకా ఆగాలి. లైనక్స్ ఇంకో అడుగు ముందుకేసింది. 2014 జనవరిలో వచ్చిన 3.13 కెర్నెల్ నుంచి వున్న మల్టీక్యూ పద్ధతిలో ప్రతి అర్జీకీ ముందు ఒక ట్యాగ్ దొరకాలి. ట్యాగులు క్యూ సైజుకి మించకపోతే జవాబులు పొంగిపొర్లే ప్రసక్తే లేదు.

మరి ఐఓ యూరింగ్? 2019 మేలో లైనక్స్ 5.1తో వచ్చినప్పుడు జవాబుల వరస అర్జీల వరసకి రెట్టింపు వుండేది. అయినా నిండితే జవాబుని పారేసి, ఎన్ని పోయాయో లెక్క మాత్రం రాసేది. పోయింది ఎవరి జవాబో చెప్పని లెక్క ఎవరికి కావాలి? 2020 జనవరిలో 5.5 వచ్చాక, మిగిలిన జవాబుల్ని కెర్నెల్ దాచిపెట్టడం మొదలుపెట్టింది. రెండు పద్ధతుల వెనకా వున్నది యెన్స్ ఆక్స్‌బోనే. అంతటివాడి డిజైన్‌లోనే రెట్టింపు సైజు సరిపోకపోతే, మన "నిండదులే" ఏపాటిది?

"నెట్‌వర్క్‌లో ప్యాకెట్లు పారేస్తాం కదా" అంటారు. పారేస్తాం, కానీ ఎక్కడ? 1996లో మోగల్, రామకృష్ణన్ ఇంటరప్టుల వరదలో కెర్నెల్ మునిగిపోవడం గురించి రాసిన పేపర్ చెప్పిందీ అదే: పారెయ్యాలంటే ముందే, దాని మీద పని చెయ్యకముందే పారెయ్యండి. గుమ్మం దగ్గర కాదనడం మర్యాదే. పని చేయించుకుని జవాబు చించెయ్యడం వేరు.

"మెమరీ దండగ" అంటారు. ఎన్‌వీఎంఈలో ఒక జవాబు సాధారణంగా 16 బైట్లు. వెయ్యిన్నీ ఇరవైనాలుగు జవాబులకి 16 కిలోబైట్లు. దీనికా పిసినారితనం?

"ఒకే అర్జీకి పది జవాబులొస్తే?" అన్నది మాత్రం గట్టి ప్రశ్నే. ఎన్నొస్తాయో తెలీనప్పుడు అన్నిటికీ చోటు పట్టిపెట్టలేం. కానీ ఆఖరి ఒక్క గడి పట్టిపెట్టొచ్చు, "ఇక్కడితో ఆపేశాను, మళ్ళీ అడుగు" అని చెప్పడానికి.

కాబట్టి ఈసారి రివ్యూలో క్యూ సైజు ఎంత అని అడక్కండి. ఈ అర్జీకి జవాబు గడి ఎప్పుడు పట్టిపెట్టారో అడగండి. "పట్టలేదు" అంటే ఆ కోడ్ ఇంకా పూర్తవలేదని అర్థం.