‘మన టాక్సుల డబ్బు’

జీతాలు పడిన వారం మా ఆఫీసు క్యాంటీన్లో ఒక మాట తప్పకుండా వినపడుతుంది. "మనం టాక్సులు కడుతుంటే వాళ్ళు ఫ్రీగా తింటున్నారు." వాళ్ళంటే ఎవరో ఎవరూ చెప్పరు. ఉచిత బస్సెక్కే ఆడవాళ్ళు, రేషన్ బియ్యం తెచ్చుకునేవాళ్ళు, పింఛను తీసుకునే ముసలివాళ్ళు అని వినేవాళ్ళకి అర్థమైపోతుంది. చాలా ఏళ్ళు నేనూ ఈ మాట అన్నాను. ఫారమ్ 16 చూసుకున్నప్పుడల్లా దేశాన్ని నేనొక్కణ్ణే మోస్తున్నట్టు ఉండేది. ఇప్పుడు అదే మాట వింటే ఒళ్ళు మండుతోంది. సగం మంట నా మీదే.

ఒక సాయంత్రం బైక్ టాక్సీ ఎక్కాను. కుర్రాడు దారిలో బంకు దగ్గర ఆపి, "ఒక్క నిమిషం సార్" అని 200కి పెట్రోలు పోయించుకున్నాడు. మాటల్లో రోజుకి ఎంత తిరుగుతావని అడిగితే 120 కిలోమీటర్లన్నాడు. బండి లీటరుకి 45 ఇస్తుందట.

ఇంటికొచ్చి లెక్కేశాను. 2025 ఏప్రిల్లో కేంద్రం రెండు రూపాయలు పెంచాక పెట్రోలు మీద ఎక్సైజ్ లీటరుకి 21.90 అయింది. తెలంగాణ వ్యాట్ 35.2 శాతం. ఆ శాతం ఎక్సైజ్ కలిపిన ధర మీద వేస్తారు, అంటే పన్ను మీద పన్ను. హైదరాబాదులో లీటరు 107 చిల్లర ఉన్నప్పుడు వ్యాట్ దాదాపు 28. రెండూ కలిపి 50. ఆ కుర్రాడు పోయించుకున్న 200లో 90 పైగా పన్నే. నెలకి 26 రోజులు బండి తిప్పితే ఆ రేటున ఏడాదికి 41 వేల పైచిలుకు కట్టినట్టు. 2025-26లో కొత్త విధానం కింద 12 లక్షల 75 వేల జీతం తీసుకునే ఉద్యోగి కట్టే ఇన్‌కమ్ టాక్స్ సున్నా.

ఉద్యోగి కూడా పెట్రోలు పోయించుకుంటాడుగా అనొచ్చు. పోయించుకుంటాడు, అదే రేటుకి. అభ్యంతరం అక్కడే ఉంది. బంకులో మీటరు ఎవరి జీతమూ అడగదు. పైగా నేను వారంలో మూడు రోజులు ఇంట్లోంచే పనిచేస్తాను. అతను బండి బయటికి తీయకపోతే ఆ రోజు కూలి లేదు.

వ్యాపారాల సంగతి ఇంకా అన్యాయం. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు పెట్రోలు, డీజిలు బయటే ఉండిపోయాయి. సాఫ్ట్‌వేర్ ఎగుమతి చేసే కంపెనీ లాప్‌టాప్ మీద కట్టిన జీఎస్టీని తిరిగి రాబట్టుకోవచ్చు. మదనపల్లె నుంచి టమాటా తెచ్చే లారీ యజమాని డీజిలు మీద కట్టినదాంట్లో పైసా వెనక్కి రాదు. అది కిరాయిలో కలుస్తుంది, కిరాయి టమాటాలో కలుస్తుంది, టమాటా మన పప్పులోకి వస్తుంది. మా వీధి చివర టిఫిన్ బండి ఆవిడ వాడాల్సింది కమర్షియల్ సిలిండరు. ఇంటి సిలిండరుకి 5 శాతం జీఎస్టీ, దానికి 18. ఆవిడ ఇడ్లీ ప్లేటుకి అయిదు రూపాయలు పెంచితే "దోచేస్తోంది" అన్నది కూడా మా క్యాంటీన్ బ్యాచే.

ముడిచమురు పెరిగితే ఏ ప్రభుత్వం మాత్రం ఏం చేస్తుంది అంటారు. తగ్గినప్పుడు ఏం చేశారో చూద్దాం. 2020 ఏప్రిల్లో చమురు పాతాళానికి పడింది, అమెరికాలో ఒక రోజు ఫ్యూచర్స్ ధర సున్నా కంటే కిందికి పోయింది. మే నెలలో, లాక్‌డౌన్ మధ్యలో, కేంద్రం పెట్రోలు మీద 10, డీజిలు మీద 13 రూపాయలు పెంచింది. 2014లో 9.48గా ఉన్న పెట్రోలు ఎక్సైజ్ 32.98 అయింది. దానికి కొన్ని నెలల ముందే, 2019 సెప్టెంబరులో, కార్పొరేట్ పన్ను రేటు 30 నుంచి 22 శాతానికి దిగింది. ఎవరికి తగ్గించి ఎవరి దగ్గర వసూలు చేశారో నేను విడమరచి చెప్పక్కర్లేదు.

రాష్ట్రాల గోడు నిజమే. జీఎస్టీ తర్వాత వాటి చేతిలో మిగిలినవి ప్రధానంగా పెట్రోలూ, మందూ. కేంద్రం వసూలు చేసేదాంట్లో ఎక్కువ భాగం సెస్సుల పేరుతో పంపకానికి అందదు. 2021లో లీటరుకి 32.90 తీసుకుంటే అందులో రాష్ట్రాలతో పంచుకునేది 1.40. కానీ ఆ నవంబరులో కేంద్రం తగ్గించినప్పుడు చాలా రాష్ట్రాలు వ్యాట్ తగ్గించాయి. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కదల్లేదు. మాటల్లో కేంద్రాన్ని తిట్టడం, బంకులో దాని పక్కనే నిలబడి చెయ్యి చాపడం.

పర్యావరణం కోసం పెట్రోలు ఖరీదుగానే ఉండాలనే మిత్రులున్నారు. సరే, ఆ కుర్రాడు మెట్రోలో డెలివరీలు చెయ్యాలా?

మన కథల మీద కూడా నాకు ఫిర్యాదుంది. వారం వారం చదివే కొత్త కథల్లో హీరో బైక్ స్టార్ట్ చేస్తాడు, వాన పడుతుంది, ఆమె గుర్తొస్తుంది. ట్యాంకులో ఎంతుందో చూసుకున్నవాడు ఒక్కడూ కనపడడు. కన్యాశుల్కానికి పేరులోనే ధర ఉంది. మనకెందుకో డబ్బు లెక్క రాస్తే కథ మైలపడుతుందని భయం.

ఈ లెక్క మొన్న క్యాంటీన్లో చెప్పాను. ఎదురుగా కూర్చున్న కొత్త కుర్రాడు శ్రద్ధగా విని, "అయినా అతను ఇన్‌కమ్ టాక్స్ కట్టడు కదన్నా" అన్నాడు. ఈ ఏడాది అతనికీ ఇన్‌కమ్ టాక్స్ సున్నానే.